ప్రత్యేక అవసరాల పిల్లలు – అలసిపోతున్న అమ్మానాన్నలు

కొన్నేళ్ళ క్రితం మా బడిలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో నేనొక తప్పు చేశాను. ఆటిజం ఉన్న తొమ్మిదేళ్ళ బాబు వాళ్ళ అమ్మతో, "ఇంట్లో మీరు ఇంకాస్త శ్రద్ధ పెట్టాలమ్మా" అన్నాను. ఆమె వాదించలేదు. "రాత్రి రెండింటి దాకా వాడు నిద్రపోడు సార్. మూడేళ్ళుగా నాకూ నిద్ర లేదు. ఇంకాస్త ఎక్కడినుంచి తేను?" అంది, అంతే. బి.ఎడ్.లో పిల్లల మనస్తత్వం చదువుకున్న నాకు, ఆ పిల్లల్ని పెంచేవారి స్థితి ఏమీ తెలియదని ఆ రోజు అర్థమైంది. ఆ తరువాత చదివి, చూసి తెలుసుకున్నది మన సంస్థ దాతలతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అలసట వేరు, బర్నౌట్ వేరు

ఒక రాత్రి నిద్రపోతే తీరేది అలసట. నెలల తరబడి విశ్రాంతి లేక, మనిషి లోపల శక్తి పూర్తిగా అడుగంటిపోవడాన్ని బర్నౌట్ అంటారు. 1974లో అమెరికాలో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ నిపుణుడు ఇతరులకు సేవ చేసే ఉద్యోగుల్లో దీన్ని గమనించి రాశాడు. ఆ తరువాత బెల్జియం పరిశోధకులు ఇసబెల్ రోస్కమ్, మోయిరా మికొలాయ్‌చాక్ తల్లిదండ్రుల్లోనూ ఇది ఉంటుందని చూపారు. వారు చెప్పిన లక్షణాలు నాలుగు: పొద్దున లేస్తూనే ఒంట్లో సత్తువ లేకపోవడం, "నేనిక చేయలేను" అని విసిగిపోవడం, పిల్లలకు తిండి, స్నానం యాంత్రికంగా జరిపిస్తూ మనసుకు మాత్రం దూరమైపోవడం, "నేను ఇలాంటి అమ్మను కాదే" అని తనను తానే గుర్తుపట్టలేకపోవడం.

ఈ స్థితిలో ఉన్న తల్లిదండ్రులు పిల్లల మీద చేయి చేసుకోవడం, పట్టించుకోకుండా వదిలేయడం పెరుగుతుందని ఆ పరిశోధనల్లోనే తేలింది. కాబట్టి అమ్మకు విశ్రాంతి ఇవ్వడమంటే బిడ్డను కాపాడటమే.

ఈ ఇళ్ళలోనే ఎందుకు ఎక్కువ?

మామూలు పిల్లలు ఐదారేళ్ళకు తమంతట తాము తింటారు, కడుక్కుంటారు. సెరిబ్రల్ పాల్సీ ఎక్కువగా ఉన్న బిడ్డకు పదిహేనేళ్ళు వచ్చినా అమ్మే ఎత్తి స్నానం చేయించాలి. బిడ్డ బరువు ఏటా పెరుగుతుంది, అమ్మ నడుము ఏటా బలహీనపడుతుంది. స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ వారానికి ఒకటి రెండు రోజులే. మిగతా రోజులు ఆ అభ్యాసాలన్నీ ఇంట్లో ఆమే చేయించాలి. ఆసుపత్రికి వెళ్ళిన రోజు ఆటో నడిపే నాన్నకు కిరాయి ఉండదు.

దీనిపైన చుట్టాల మాటలు. "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావో", "నజర్ తగిలింది", "తల్లి పెంపకం సరిగా లేదు" అంటారు. ఆటిజం పెంపకం లోపం వల్ల రాదు. బిడ్డ వలీమాలో అరిచాడని నలుగురూ తిరిగి చూస్తే, మరుసటి పెళ్ళికి ఆ అమ్మ రాదు. అలా ఇల్లు కదలడమే మానేస్తుంది. అన్నిటికన్నా బరువైనది, రాత్రుళ్ళు ఇద్దరూ పైకి అనుకోలేని ప్రశ్న: "మన తరువాత వీడికెవరు?"

ఉన్న సాయాలు

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. మన రెండు రాష్ట్రాల్లోనూ భవిత కేంద్రాలు, బడికి రాలేని పిల్లలకు ఇంటి వద్ద బోధన ఉన్నాయి. సదరం ధ్రువపత్రం ఉంటే పింఛను వస్తుంది: తెలంగాణలో 2023 నుంచి 4,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 6,000. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకు నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. థెరపీ ఖర్చూ అందులో ఉంది. ఈ నాలుగు రకాల వారికి 18 ఏళ్ళు నిండాక చట్టబద్ధ సంరక్షకుణ్ణి కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ నియమిస్తుంది. "మన తరువాత ఎవరు" అన్న ప్రశ్నకు కొంత జవాబు అక్కడ ఉంది. మనసు కుంగినప్పుడు టెలీమానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇన్ని ఉన్నా చాలా ఇళ్ళకు అందవు. సదరం శిబిరానికి పత్రాలు పట్టుకుని తిరగాలంటే, ఆ పూట బిడ్డను ఎవరో ఒకరు చూడాలి. ఆ ఒక్కరే లేరు.

మనం చేయగలిగింది

మనం వీల్‌చైర్లు ఇస్తున్నాం, మందులు ఇస్తున్నాం. అవి ఆపవద్దు. దానికి తోడుగా మూడు పనులు చేద్దాం. ఒకటి, శిక్షణ పొందిన ఒక ఆయాకు జీతం ఇచ్చి, నాలుగైదు ఇళ్ళకు వారానికి ఒక్కో పూట పంపుదాం. రెండు, కాగితాల పని తెలిసిన ఒక యువకుణ్ణి పెట్టి, సదరం, పింఛను, నిరామయ దరఖాస్తులు ఆ కుటుంబాల తరఫున పూర్తి చేయిద్దాం. మూడు, నెలకోసారి ఆ తల్లుల్ని ఒకచోట కూర్చోబెడదాం. పిల్లల్ని పక్క గదిలో మన పిల్లలు ఆడిస్తారు. తండ్రులనూ విడిగా పిలుద్దాం, వాళ్ళ బాధ వాళ్ళు ఎవరికీ చెప్పుకోరు.

డబ్బు లేనివారు కూడా ఇవ్వగలిగింది ఉంది. "భాభీ, ఈ రెండు గంటలు బాబును నేను చూసుకుంటాను, మీరు పడుకోండి" అనండి. మొదటిసారి ఆమె ఒప్పుకోకపోవచ్చు. మళ్ళీ వారం మళ్ళీ అడగండి.

నేను ఆ అమ్మకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆ తరువాత కొన్నాళ్ళకు ఆదివారాలు మధ్యాహ్నం మా ఇంట్లో ఆ బాబుకు రంగు పెన్సిళ్ళు ఇచ్చి కూర్చోబెట్టేవాళ్ళం. మొదటి ఆదివారం ఆమె ఏం చేసిందని మా ఇంటావిడ అడిగితే, "నాలుగు గంటలు నిద్రపోయాను ఆపా, లేచేసరికి ఏ పూటో తెలియలేదు" అందట. ఈ ఏడాది మీరు ఇచ్చే విరాళంలో అలాంటి ఒక పూట కూడా ఉండాలని నా విన్నపం.