మీకు తెలుసా? ఆంజనేయుడికి రెండు పండుగలు!

చైత్ర పౌర్ణమి నాడు హైదరాబాద్‌లోని కర్మన్‌ఘాట్ గుడి నుంచి బయల్దేరే హనుమాన్ శోభాయాత్ర చంపాపేట, ఐఎస్ సదన్ దాటి సైదాబాద్ మీదుగా కోఠి వైపు సాగుతుంది. రోడ్డంతా కాషాయం, డప్పులు. చాలామంది ఆ రోజునే హనుమజ్జయంతి అంటారు గానీ, మన పెద్దల లెక్కలో అది విజయోత్సవం. పరాశర సంహిత ప్రకారం స్వామి పుట్టింది వైశాఖ బహుళ దశమి నాడు.

ఈ రెండు తిథుల మధ్యే ఉంది అసలు ముచ్చట. చైత్ర పౌర్ణమి నుంచి వైశాఖ బహుళ దశమి దాకా వేళ్ల మీద లెక్కపెట్టండి, రెండు చివరలూ కలిపి 41 తిథులు. అదే మండల దీక్ష! హనుమాన్ మాల వేసుకున్నవాళ్లు నుదుట సిందూరంతో, చెప్పుల్లేకుండా ఎండల్లో గడిపేది అందుకే. ఎర్రటి ఎండలో తారురోడ్డు మీద ఆ నడక మాటలు కాదు.

ఇక శోభాయాత్ర మొదలయ్యే కర్మన్‌ఘాట్ గుడిలో కొలువైనది ధ్యానాంజనేయుడు. వేటకొచ్చిన కాకతీయ రాజుకు అడవిలో రామనామం వినిపించిందనీ, వెతికితే విగ్రహం దొరికిందనీ స్థలపురాణం. గుడిని కూల్చడానికి వచ్చిన ఔరంగజేబుకు 'కర్ మన్ ఘట్' (మనసు దిటవు చేసుకో) అని వినిపించిందని, ఊరి పేరు అలా వచ్చిందని ఇంకో కథ. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

అన్నట్టు, తమిళులకు హనుమజ్జయంతి వచ్చేది చలికాలంలో, వాళ్ల మార్గళి నెల అమావాస్యకు.