చప్పిడి ముక్కు కుక్కతో విమానం ఎక్కే ముందు

2003లో హచ్ మొబైల్ సర్వీసు ప్రకటనలో ఓ పిల్లాడి వెంట నడిచిన పగ్ మన ఇళ్లలోకీ అలాగే నడిచొచ్చింది. ఇప్పటికీ చాలామందికి అది హచ్ కుక్కే. షిట్జూ, ఫ్రెంచ్ బుల్‌డాగ్ కూడా ఇప్పుడు మనకు కొత్త కాదు. బదిలీ మీద ఢిల్లీ వెళ్లేవాళ్లు, విదేశాల్లో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు వీటినీ వెంట తీసుకెళ్లాలనుకుంటారు. ఆ ముద్దొచ్చే ముఖం లోపల ఏముందో ముందు తెలుసుకోవాలి.

తరతరాలుగా పొట్టి ముఖం ఉన్నవాటినే ఎంచి ఈత వేయించడంతో వీటి ముఖం ఎముక కురచైపోయింది. లోపలి మెత్తటి కండ మాత్రం ఆ మేరకు తగ్గలేదు. చిన్న మంచం మీద పెద్ద పరుపు కుక్కినట్టు, అంగిలి చివర గొంతులోకి జారి గాలిదారికి అడ్డుపడుతుంది. ముక్కు రంధ్రాలు సన్నటి చీలికలు. కొన్నిటికి శ్వాసనాళమే ఇరుకు. మనం మురిసిపోయే ఆ గురక నిజానికి గాలి కోసం పడే పాట్లు.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి వగరుస్తూనే ఒంటి వేడి తగ్గించుకోవాలి. ఇరుకు గొంతుతో వగర్చినకొద్దీ ఆ రాపిడికి గొంతు వాస్తుంది, దారి ఇంకా మూసుకుంటుంది, కుక్క ఇంకా గట్టిగా వగరుస్తుంది. వేడితోపాటు భయం కూడా దీన్ని మొదలుపెట్టగలదు. పైగా విమానం లోపలి గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండ మీది గాలంత పల్చగా ఉంటుంది.

అమెరికా రవాణా శాఖ 2010లో బయటపెట్టిన లెక్క చూడండి. అంతకుముందు ఐదేళ్లలో అక్కడి విమానాల్లో 122 కుక్కలు చనిపోతే, దాదాపు సగం పొట్టి ముఖం జాతులవే. అందుకే చాలా సంస్థలు వీటిని కార్గోలో తీసుకోవడం మానేశాయి. కార్గో అరలోనూ గాలి ఒత్తిడి ఉంటుంది. కానీ విమానం పక్కన ఎండలో పెట్టె ఎంతసేపు ఆగుతుందో, లోపల కుక్క ఎలా ఉందో చూసే మనిషి ఉండడు.

కాబట్టి దాని చోటు కేబిన్‌లో, మీ ముందు సీటు కింద. ఎవరు చెప్పినా పైన సామాను పెట్టే అరలో పెట్టకండి. 2018 మార్చిలో హ్యూస్టన్ నుంచి న్యూయార్క్ వెళ్లే విమానంలో సిబ్బంది పట్టుబట్టి బ్యాగును అలా పైన పెట్టిస్తే, అందులోని ఫ్రెంచ్ బుల్‌డాగ్ పిల్ల దిగేసరికి చనిపోయింది.

మన దేశంలో ఎయిర్ ఇండియా, అకాసా ఎయిర్ చిన్న కుక్కల్ని కేబిన్‌లోకి రానిస్తున్నాయి. బరువు పరిమితిలో బ్యాగు బరువూ కలుస్తుంది. నిబంధనలు మారుతుంటాయి, టికెట్ కొనేముందే ఫోన్ చేసి మీ జాతికి అనుమతి ఉందో అడగండి. బ్రిటన్‌కైతే పెంపుడు కుక్కల్ని విమానం కేబిన్‌లో తీసుకెళ్లనివ్వరు, కార్గోలోనే పంపాలి. చప్పిడి ముక్కు కుక్కను అలా పంపకూడదనే నా అభిప్రాయం.

పశువైద్యుడి దగ్గరికి రేబిస్ టీకా రాయించుకోవడానికి మాత్రమే వెళ్లొద్దు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ వైద్యులు రూపొందించిన పరీక్ష ఒకటుంది: కుక్కను మూడు నిమిషాలు చురుగ్గా నడిపించి, నడకకు ముందూ తర్వాతా గొంతు దగ్గర స్టెతస్కోప్ పెట్టి వింటారు. అలా విని చెప్పమని అడగండి. మత్తుమందు మాత్రం అడగొద్దు. అది గొంతు కండరాలను వదులు చేసి ఉన్న దారినీ మూసేస్తుంది.

ఎండాకాలంలో తెల్లవారుజాము విమానమో, రాత్రి విమానమో చూడండి, మధ్యలో మారే పని లేనిది. మెడపట్టీ బదులు ఛాతీకి కట్టే బెల్టు, అన్ని వైపులా జాలీ ఉన్న బ్యాగు కావాలి. ఆ బ్యాగును వారాల ముందే ఇంట్లో పెట్టి, అందులో పడుకోవడం అలవాటు చేయండి. బయల్దేరే ముందు కడుపు నిండా పెట్టొద్దు, నీళ్లు మాత్రం తాగనివ్వండి. భద్రతా తనిఖీలో ఖాళీ బ్యాగే యంత్రంలోకి వెళ్లాలి, కుక్క మీ చేతుల్లో ఉండాలి. నాలుక నీలంగా మారినా, ఊపిరి గరగరలాడినా వెంటనే సిబ్బందిని పిలవండి, చల్లటి నీళ్లతో ఒళ్లు తడిపి గాలి తగలనివ్వండి.

కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఊపిరి చప్పుడు వినిపించే కుక్కను విమానం ఎక్కించకండి. రైల్లో ఫస్ట్ ఏసీ కూపే మొత్తం బుక్ చేసుకుంటే అది మీతోనే రావచ్చు. అదీ కుదరకపోతే, దానికి బాగా తెలిసినవాళ్ల ఇంట్లో వదిలి వెళ్లండి.