గౌన్లు కుట్టాలా, లంగాలు కుట్టాలా?

ఒక ఊళ్ళో పొదుపు సంఘం ఉందనుకుందాం. అక్కచెల్లెళ్ళు అప్పు తెచ్చి ఒక కుట్టుమిషను కొన్నారు. వారం వారం 1,000 రూపాయల వాయిదా కట్టాలి. వారానికి 40 మీటర్ల గుడ్డ తెచ్చుకోగలరు. మిషను మీద 45 గంటల పని జరుగుతుంది.

పిల్లల గౌనుకు 1 మీటరు గుడ్డ కావాలి. కుచ్చులు పెట్టాలి కదా, 3 గంటలు పడుతుంది. ఖర్చులు పోను 60 రూపాయలు మిగులుతాయి. లంగాకు 2 మీటర్ల గుడ్డ, 1 గంట పని. 40 రూపాయలు మిగులుతాయి.

"గౌనుకే డబ్బులెక్కువ. అన్నీ గౌన్లే కుడదాం వదినా" అంది ఒకామె.

సరే, 45 గంటల్లో 15 గౌన్లు అవుతాయి. 900 రూపాయలు వస్తాయి. వాయిదాకు చాలవు. 25 మీటర్ల గుడ్డ మూలన పడి ఉంటుంది.

"అయితే అన్నీ లంగాలే కుడదాం" అంది ఇంకొకామె. 20 లంగాలకే గుడ్డ అయిపోతుంది. వచ్చేది 800. మిషను 25 గంటలు ఖాళీ.

ఇద్దరూ పోట్లాడుకుంటే లాభం లేదు. రెండూ కలిపి కుట్టాలి. ఎన్నెన్ని? పలక తీసుకోండి. 10 గౌన్లు, 15 లంగాలు వేసి చూడండి. గుడ్డ 10, 30 కలిపి 40 మీటర్లు. పని 30, 15 కలిపి 45 గంటలు. గుడ్డా మిగల్లేదు, గంటా మిగల్లేదు. డబ్బు 600, 600 కలిపి 1,200 రూపాయలు! వాయిదా కట్టినా 200 చేతిలో ఉంటాయి.

ఒక గౌను పెంచి చూడండి. గంటలు చాలక 3 లంగాలు తగ్గుతాయి. 1,140 రూపాయలే వస్తాయి. ఒక గౌను తగ్గించినా 1,140 రూపాయలే. మిగిలిన మీటరు గుడ్డతో లంగా రాదు మరి.

ఈ లెక్కకు లీనియర్ ప్రోగ్రామింగ్ అని పేరు. పేరు చూసి భయపడకండి. సోవియట్ రష్యాలో ప్లైవుడ్ తయారుచేసేవాళ్ళకూ ఇదే చిక్కు వచ్చింది. ఏ మిషను మీద ఏ చెక్క వేస్తే సరుకు ఎక్కువ వస్తుంది? కాంటరోవిచ్ అనే లెక్కల పండితుడు దానికి దారి కనిపెట్టి 1939లో పుస్తకం రాశాడు. 1975లో ఆయనకు, ఇంకొకాయనకు కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. సరుకులు వందల రకాలుంటే ఈ లెక్క కంప్యూటరు చేస్తుంది. మనవి రెండే రకాలు, పలక చాలు.

అయితే సరుకు అమ్ముడుపోవాలి. సంతలో 12 లంగాలే పోతాయనుకోండి. అప్పుడు 11 గౌన్లు, 12 లంగాలు కుట్టడం మేలు. 1,140 వస్తాయి, వాయిదా గడుస్తుంది.

లంగాలు బాగా పోతున్నాయి, పక్కింటివాళ్ళు తమ మిషను 5 గంటలు అద్దెకిస్తామన్నారు. తీసుకోవచ్చా? అప్పుడు 12 గౌన్లు, 14 లంగాలు అవుతాయి. 1,280 రూపాయలు వస్తాయి. అంటే 80 రూపాయలు ఎక్కువ. అద్దె అంతకన్నా తక్కువైతేనే ఒప్పుకోండి. ఆ 5 గంటలు కుట్టే మనిషి కష్టం కూడా అందులోనే రావాలి.