వెన్నుసూదికి తోడుగా నల్లమందు జాతి మందు

"వెన్నులో సూది వేసుకుంటే నడుము పోతుందంట!" పొదటూరుపేట, పళ్ళిపట్టు, తిరుత్తణి వైపు మన నేత కుటుంబాల్లో ఆపరేషన్ మాట వస్తే ఈ మాటా వినిపిస్తుంది. మగ్గం గుంటలో పొద్దంతా కూర్చుని నేసేవారికి నడుమే ఆస్తి. కనుక వారి భయాన్ని తప్పుపట్టలేం. కాని ఆ భయంతో నొప్పిని పళ్ళబిగువున భరించవలసిందేనా?

కడుపును పెద్దగా కోసినప్పుడు అసలు కష్టం ఆపరేషన్ అయ్యాక మొదలవుతుంది. దగ్గితే కుట్ల దగ్గర ప్రాణం పోయినట్టుంటుంది. అందుకని రోగి దగ్గడు, నిండుగా ఊపిరి తీయడు. కఫం ఊపిరితిత్తుల్లో నిలిచి న్యుమోనియాకు దారితీస్తుంది. మంచం దిగకపోతే కాళ్ళలో రక్తం గడ్డకట్టవచ్చు.

దీనికి ఉన్న మార్గాల్లో ఎపిడ్యూరల్ ఒకటి. వెన్నుపామును కప్పిన పొరకు బయట సన్నని ఖాళీ ఉంటుంది. సూదితో అక్కడికి దారంలాంటి గొట్టం పంపి సూది తీసేస్తారు. గొట్టం రెండు మూడు రోజులు ఉంచి మందు ఎక్కిస్తారు. సిజేరియన్‌కు ఎక్కువగా ఒక్కసారి వేసే స్పైనల్ వేరు. మనవాళ్ళు రెంటినీ వెన్నుసూది అనే అంటారు. ఈ పద్ధతిని 1921లో స్పెయిన్ సైనిక వైద్యుడు ఫిడెల్ పాహెస్ వివరించాడు.

మొదట్లో ఇందులో తిమ్మిరి మందు మాత్రమే ఇచ్చేవారు. బుపివకైన్‌తోనే నొప్పంతా తగ్గించాలంటే కాళ్ళు బరువెక్కవచ్చు, రక్తపోటు పడిపోవచ్చు. 1979లో మార్ఫిన్‌ను ఇదే దారిన మనుషులకు ఇచ్చి ఫలితాలు ప్రకటించారు. తిమ్మిరి మందు నరంలో నొప్పి కబురును ఆపుతుంది. మార్ఫిన్ జాతి మందు వెన్నుపాములో ఆ కబురు అందుకునే చోట అణచివేస్తుంది. కలిపి ఇస్తే రెండూ తక్కువ మోతాదులో సరిపోతాయి. ఈ జాతిదే అయిన ఫెంటానిల్ మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాములు కలపడం మామూలు. నల్లమందు జాతి అనగానే అలవాటు పడిపోతామని పెద్దలు బెదురుతారు. ఆస్పత్రిలో రెండు మూడు రోజుల వాడకంతో వ్యసనం పట్టుకోవడం అరుదు.

అసలు భయపడవలసింది వేరే. దురద, వాంతి, మూత్రం బిగియడం ఇబ్బందులే కాని, ఊపిరి మందగించడం ప్రమాదం. మార్ఫిన్ ఇస్తే అది చాలా గంటల తర్వాత కూడా రావచ్చు. కనుక రాత్రంతా నర్సు ఊపిరి లెక్క చూడాలి, నాలోక్సోన్ అనే విరుగుడు అందుబాటులో ఉండాలి. అలా చూసే మనిషి లేని ఆస్పత్రిలో ఈ మందు కలపకపోవడమే మేలని నా అభిప్రాయం. మార్ఫిన్ చాలాచోట్ల దొరక్కపోవడానికి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద లైసెన్సుల చిక్కూ ఒక కారణం. 2014 సవరణతో అది కొంత సడలింది.

ఇక నడుము సంగతి. సూది దిగిన చోట కొద్దిరోజులు సలుపు ఉండవచ్చు. దీర్ఘకాలపు నడుంనొప్పికి ఇదే కారణమని రుజువు కాలేదు. నరానికి శాశ్వత హాని చాలా అరుదు, అసలే లేదని మాత్రం కాదు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ముందే చెప్పాలి. కాళ్ళ పట్టు అంతకంతకు తగ్గుతుంటే వెంటనే పిలవాలి.

ల్యాపరోస్కోపీకి చాలాసార్లు ఇంత అవసరముండదు. తిరువళ్ళూరుకు వెళ్ళినా, వేలూరు, తిరుపతి, చెన్నైలకు వెళ్ళినా, ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరును కలిసినప్పుడే ఈ విషయాలు అడగండి. ఆపరేషన్ తర్వాత నొప్పికి సున్నా నుంచి పదిలోపు మార్కు వేయమంటారు. మన పెద్దవాళ్ళు కదలకుండా పడుకుని "పర్వాలేదు నాయనా, రెండే" అంటారు. ఒకసారి దగ్గమని, అప్పటి మార్కు చెప్పమనండి.