పట్టపగటి దీపము

పట్టపగలు దీపము పట్టుకొని తిరుగువానిని చూచి లోకము నవ్వును. కాని ఆరుబయట మనుష్యుల ఫోటోలు తీయువారికి ఆ దీపము లేనిదే పని జరుగదు. అది ఏల కావలసివచ్చినదో, దానిని వాడుట ఎట్లు నేర్చుకొనవలెనో మాకు తెలిసినంతవరకు విన్నవించెదము.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో ఎండకు కొదువ లేదు. శుభకార్యమునాడు ఇంటిపెద్దలను పెరటిలోనో, పొలముగట్టుననో నిలిపి ఫోటో తీయించుట కలదు. మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిన ఉండుటచే కనుబొమల నీడ కన్నులపై పడి, అవి నల్లని గుంటలవలె కనిపించును. మనిషిని సూర్యునికి వీపుగా నిలిపినచో ఆకాశము చక్కగా వచ్చును గాని ముఖము చీకటియగును. ముఖమునకు తగినట్లు కెమెరాను సవరించినచో ఆకాశము సున్నము కొట్టినట్లు తెల్లబారును. ఈ రెంటినీ ఒకేసారి చూడగల శక్తి మన కంటికి ఉన్నది. కెమెరాకు అంత లేదు.

తొలిదినములలో మేము ఫ్లాషును కెమెరా నెత్తిననే ఉంచి తీసెడివారము. కోదాడ చేరువ పల్లెలో ఒక అవ్వను అట్లే తీసితిమి. వెలుగు ఎదురుగా కొట్టుటచే ముడతలు మాసిపోయి, ముఖము పిండి పులిమినట్లాయెను. అవ్వ చూచి, “ఇది నేను గాదు బిడ్డా” అన్నది. ఆ మాటయే మాకు మొదటి పాఠము.

ఫ్లాషు కొత్త వస్తువు కాదు. 1887లో జర్మనీలో మెగ్నీషియము పొడిని మండించి ఫోటోలు తీయు పద్ధతిని కనుగొనిరి. 1931లో అమెరికాలో హెరాల్డ్ ఎడ్గర్టన్ విద్యుత్తుతో క్షణములో మెరిసి ఆరిపోవు దీపమును రూపొందించెను. నేడు చేతిలో ఇమిడెడు ఫ్లాషును కెమెరానుండి విడదీసి, దూరముగా స్టాండుపై నిలుపుచున్నారు. కెమెరాపైనుండు చిన్న పరికరము దానిని వెలుగుమని ఆజ్ఞాపించును. ఆ ఆజ్ఞను మోయునవి రేడియో తరంగములే. మీ ఇంటికి పాటలను మోసికొనివచ్చునవి వాటి జ్ఞాతులే.

ఇక గొడుగు ఎందుకు? సూర్యుడు మహాకాయుడే అయినను, బహుదూరమున ఉండుటచే మనకు చిన్న బిళ్ళవలె కనిపించును. అందుచే నీడలు కత్తితో కోసినట్లు పడును. విడి ఫ్లాషు సంగతియు అంతే. దాని వెలుగును తెల్లని గుడ్డ గొడుగుగుండా పంపినచో గొడుగంతయు దీపమగును. వెడల్పైన దీపము దగ్గరనున్నపుడు వెలుగు ముఖమును చుట్టివచ్చి నీడల అంచులు మెత్తబడును. గొడుగును దూరము జరిపినచో ఆ మెత్తదనము పోవును, వెలుగును తగ్గును. దూరము రెట్టింపైన వెలుగు నాల్గవ వంతే మిగులును.

అభ్యాసక్రమము ఇది. సూర్యాస్తమయమునకు గంట ముందు మనిషిని సూర్యునికి వీపుగా నిలుపవలెను. ఫ్లాషు వెలిగింపక, ఐ.ఎస్.ఓ. 100, షట్టరు సెకనులో 125వ వంతు ఉంచి, ఆకాశపు రంగు నిలుచువరకు అపెర్చరును మూయవలెను. ముఖము చీకటిగా వచ్చినను కలత పడరాదు. పిమ్మట గొడుగును ముఖమునకు సుమారు మీటరు దూరమున, కంటికంటె కొంత ఎత్తున, ఒక ప్రక్కగా నిలిపి ఫ్లాషును నాల్గవ వంతు బలముతో వెలిగింపవలెను. ముఖము మండినట్లున్న బలము తగ్గింపుడు, చాలనిచో పెంపుడు.

ఇందలి కీలకము ఒక్కటే. ఫ్లాషు మెరుపు సుమారు సెకనులో వేయవ వంతు మాత్రమే నిలుచును. కావున షట్టరును మార్చిన ఆకాశము మారును గాని ముఖము దాదాపు మారదు. అపెర్చరును మార్చిన రెండును మారును. అయితే చాల కెమెరాలలో షట్టరు 200వ వంతునో 250వ వంతునో దాటిన బొమ్మలో నల్లని పట్టీ పడును. గొడుగుగుండా వచ్చు చిన్న ఫ్లాషు నడిమధ్యాహ్నపు ఎండతో పోటీపడలేదు. అట్టివేళ చెట్టునీడను ఆశ్రయించుటే మేలు. గాలి వీచిన గొడుగు తెరచాపయై స్టాండును కూల్చును. బియ్యపు మిల్లుల మిర్యాలగూడలో గోనెసంచికి కరవా? ఇసుక నింపి స్టాండు మొదట కట్టుడు.

సూర్యాపేట చేరువనున్న పిల్లలమఱ్ఱిలో కాకతీయుల కాలపు ఆలయములందలి నునుపైన నల్లరాతి స్తంభములను చూడుడు. ప్రక్కనుండి వెలుగు పడినపుడు అంచున ఒక మెరుపుగీత పరుగెత్తి, స్తంభపు గుండ్రదనమంతయు తేటపడును. రాయి తెల్లబడలేదు, రూపము తెలిసినది. చామనచాయ ముఖమైనను, నల్లని ముఖమైనను అంతే. ముఖమును తెల్లగా చూపుటే నేర్పని తలచి వెలుగు గ్రుమ్మరించువారు పెక్కుమంది. వారు ఫోటో తీయుటలేదు, మనిషిని తుడిచివేయుచున్నారు.

మరల ఆ పల్లెకు పోయి, వేపచెట్టు క్రింద గొడుగు నిలిపి ఆ అవ్వను తీసితిమి. ఈసారి ముడతలున్నవి, పచ్చబొట్టున్నది, కన్నులలో గొడుగు ప్రతిబింబము తెల్లని చుక్కయై మెరసినది. అవ్వ ఫోటోను చాలసేపు చేత పట్టుకొని, “ఇగ ఇది గోడకు పెట్టున్రి” అన్నది. పెద్దల ఫోటో ఒకనాడు వారికి బదులుగా ఇంట నిలువవలసినది. పట్టపగలు దీపము పట్టుట అందుకొరకే.