సంక్షోభ సమయంలో సంస్థాధినేతలు, ఉద్యోగుల మధ్య సమాచార వినిమయం: సత్యం ఉదంతం ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

వ్యాపార సంస్థల్లో సమాచార వినిమయం అనగానే ఆదేశాలు, సర్క్యులర్లు, సమీక్షా సమావేశాలు గుర్తుకు వస్తాయి. కానీ నిర్వహణ శాస్త్రంలో దీనికి ఇంతకంటే మౌలికమైన స్థానం ఉంది. న్యూజెర్సీ బెల్ టెలిఫోన్ సంస్థకు అధ్యక్షుడిగా పనిచేసిన చెస్టర్ బర్నార్డ్ 1938లో ప్రచురించిన 'ది ఫంక్షన్స్ ఆఫ్ ది ఎగ్జిక్యూటివ్' గ్రంథంలో, సమాచార వ్యవస్థను నెలకొల్పి నిర్వహించడమే కార్యనిర్వాహకుని ప్రథమ కర్తవ్యమని ప్రతిపాదించాడు. సంస్థ సజావుగా సాగుతున్న రోజుల్లో ఈ వ్యవస్థలోని లోపాలు కనిపించవు. సంక్షోభం ఎదురైనప్పుడు అవి ఒక్కసారిగా బయటపడతాయి. హైదరాబాదు కేంద్రంగా ఎదిగిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఉదంతం ఇందుకు నిదర్శనం.

సత్యం ఉదంతం - ఉద్యోగుల స్థితి:

2009 జనవరి 7న సంస్థ ఛైర్మన్ బి. రామలింగరాజు డైరెక్టర్ల బోర్డుకు లేఖ రాస్తూ, ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనివేనని అంగీకరించారు. లేఖ ప్రతులు సెబీకి, స్టాక్ ఎక్స్ఛేంజీలకు వెళ్లాయి. ఉద్యోగులకు క్షమాపణ కూడా అందులోనే ఉంది. అయితే అది వారిని ఉద్దేశించి రాసిన లేఖ కాదు. ఇతరులకు రాసిన లేఖలోని ఒక వాక్యంగానే ఆ క్షమాపణ వారికి చేరింది. జీతం వస్తుందా, ప్రాజెక్టు నిలుస్తుందా, గృహరుణ వాయిదా ఎలా కట్టాలి అన్న ప్రశ్నలకు ఆ క్షణాన సమాధానం చెప్పవలసిన స్థానమే ఖాళీ అయింది.

వదంతి - అస్పష్టత:

ఇటువంటి స్థితిలో వదంతులు ఎందుకు ప్రబలుతాయో గోర్డన్ ఆల్‌పోర్ట్, లియో పోస్ట్‌మన్ 1947లో వివరించారు. వారి సూత్రం ప్రకారం వదంతి తీవ్రత విషయ ప్రాధాన్యం, సమాచారంలోని అస్పష్టత అనే రెండింటి గుణకారంపై ఆధారపడుతుంది. కూడిక కాక గుణకారం కావడం వల్ల, రెండింటిలో ఏ ఒక్కటి శూన్యమైనా వదంతికి చోటు ఉండదు. ఉద్యోగికి తన జీవనోపాధి ప్రాధాన్యాన్ని ఏ అధినేతా తగ్గించలేడు. అతని చేతిలో ఉన్నది అస్పష్టతను తగ్గించడం మాత్రమే. కనుక 'ఆందోళన వద్దు' అన్న ఓదార్పు కంటే, తెలిసినది ఏది, ఇంకా తేలనిది ఏది, అది ఎప్పటికి తేలుతుంది అనే మూడు అంశాల ప్రకటన ఎక్కువ ప్రయోజనకరం.

తరువాతి పరిణామాలను ఈ దృష్టితో చూడవచ్చు. జనవరి 11న కేంద్ర ప్రభుత్వం దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లతో కొత్త బోర్డును ఏర్పరచింది. ఫిబ్రవరి 5న, సంస్థలోనే దీర్ఘకాలం పనిచేసిన ఎ.ఎస్. మూర్తిని ముఖ్య కార్యనిర్వహణాధికారిగా నియమించారు. సంస్థ కొనసాగుతుందని ఉద్యోగులకు అందిన సంకేతంగా దీనిని గ్రహించవచ్చు. అంటే నిర్ణయం కూడా సందేశమే. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా బిడ్ ఎంపికవడంతో యాజమాన్యం విషయంలోని అస్పష్టత తొలగింది.

మాధ్యమం - భాష - శ్రవణం:

మాధ్యమం ఎంపిక ఒక్కటే సమస్యను పరిష్కరించదు. 2021 డిసెంబరు 1న అమెరికాలోని బెటర్.కామ్ అధిపతి విశాల్ గార్గ్ జూమ్ సమావేశంలో సుమారు 900 మందిని తొలగించి, ఆ తీరు సరికాదని ఆ తరువాత క్షమాపణ కోరారు. అక్కడ ముఖం కనిపించింది, స్వరం వినిపించింది. ఉద్యోగికి బదులు పలికే అవకాశం మాత్రం లేదు.

భాష విషయంలో భారతీయ చట్టం ముందుచూపు ప్రదర్శించింది. 1946 నాటి పారిశ్రామిక ఉపాధి (స్టాండింగ్ ఆర్డర్స్) చట్టం, ధ్రువీకృత నియమాలను ఆంగ్లంతోపాటు అధిక సంఖ్యాక కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ, వారు ప్రవేశించే ద్వారం సమీపాన ప్రదర్శించాలని నిర్దేశించింది. ఉద్యోగికి అర్థం కాని ప్రకటన, చేయని ప్రకటనతో సమానమన్నది దీని అంతరార్థం.

వినడం కూడా నేర్చుకోవలసిన విద్యే. చికాగో సమీపంలోని హాథార్న్ కర్మాగారంలో 1928లో మొదలైన ముఖాముఖి కార్యక్రమంలో తొలుత నిర్ణీత ప్రశ్నలే అడిగారు. కార్మికులు ఆ ప్రశ్నలను దాటి తమకు ముఖ్యమైన విషయాలు చెప్పసాగడంతో పద్ధతిని మార్చి, వారిని స్వేచ్ఛగా మాట్లాడనిచ్చారు. ఇరవై వేలకు పైగా ఉద్యోగుల అభిప్రాయాలు అలా నమోదయ్యాయి. ప్రశ్నను యాజమాన్యమే నిర్ణయించినప్పుడు, సమాధానం పరిధిని కూడా అదే నిర్ణయిస్తుందని ఈ అనుభవం తెలుపుతుంది.

ముగింపు:

పై పరిశీలన వల్ల కొన్ని అంశాలు స్పష్టమవుతాయి. ఉద్యోగి జీవితాన్ని ప్రభావితం చేసే వార్త, చట్టం అనుమతించిన మేరకు, బయటి ప్రపంచంతోపాటే అతనికీ నేరుగా అందాలి. అతని భాషలో అందాలి. దానికి బదులు చెప్పే మార్గం తెరిచి ఉండాలి. వీటన్నిటికీ మూలం సత్యనిష్ఠ. ఏళ్ల తరబడి తప్పుడు లెక్కలు నడిచిన చోట ఎంతటి సంభాషణా నైపుణ్యమైనా విశ్వాసాన్ని నిలబెట్టలేదు. సంక్షోభంలో అధినేత మాట చెల్లుబాటు కావడం, అంతకుముందు ఆయన చెప్పిన మాటలు ఎంత నిజమయ్యాయన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది.