పీసీ గేమ్స్ చౌకగా కొనాలంటే...

డ్యూటీ దిగాక కాసేపు గేమ్ ఆడుకోవాలనుకునే మిత్రులు డాలర్లు దండగ చేసుకోవద్దు. ఇక్కడి దుకాణాల్లో కొనే డబ్బాలో చాలాసార్లు డిస్కు ఉండదు, కోడ్ కాగితమే ఉంటుంది. అందుకే నేరుగా ఇంటర్నెట్‌లో కొనడమే మేలు.

ముందు 'ఎపిక్ గేమ్స్' చూడండి. 2018లో మొదలైన ఈ స్టోర్ ప్రతి గురువారం కొత్తగా ఏదో ఒక గేమ్ ఉచితంగా ఇస్తోంది. 'స్టీమ్'లో వేసవి, చలికాలం సేల్స్ దాకా ఆగితే ధరలు బాగా తగ్గుతాయి. కొన్న గేమ్ మీ కంప్యూటర్‌లో నడవకపోతే 14 రోజుల్లోపు డబ్బు వాపసు అడగొచ్చు. అయితే 2 గంటలకు మించి ఆడి ఉండకూడదు. పాత ల్యాప్‌టాప్ ఉన్నవారికి 'జీవోజీ'లో పాత ఆటలు దొరుకుతాయి. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. గిఫ్ట్ కార్డు కొని దాని నంబరు చెప్పమని ఎవరు ఫోన్ చేసినా అది మోసమే. చెప్పారంటే ఆ కష్టార్జితం తిరిగి రావడం కష్టం.